రాహేలక్క, దేవుడి బియ్యం కుండ

నిన్న పొద్దున్నే ఫోన్. రాహేలక్క పెద్ద కొడుకు.

"పిన్నీ, అమ్మ ఇక లేదు."

నేను నమ్మలేదు. మొన్న సాయంత్రమే వీడియో కాల్‌లో "ఏటే, అలగ సిక్కిపోనావు, తింతన్నావా?" అని నన్ను తిట్టింది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, డెబ్బై దాటిన నన్ను!

రాహేలక్క నా తోటికోడలు. మా బావగారి భార్య. నిద్రలోనే వెళ్లిపోయిందట. ఒకరితో చేయించుకోలేదు, ఒకరిని కష్టపెట్టలేదు. ఆ చావు అక్క దేవుణ్ని అడిగి తీసుకున్నట్టే ఉంది.

అందుకే ఏడుపు కన్నా నవ్వే ఎక్కువ వస్తోంది నాకు. ఏమీ అనుకోకండి.

అక్క భక్తి ఎలాంటిదంటే... ఒకసారి పక్కింటి అప్పలనరసమ్మ గేదె ఈనలేక అవస్థ పడుతోంది. ఆవిడ పరుగున వచ్చి, "మీ యేసుబాబుకి ఓపాలి సెప్పమ్మా" అంది. అక్క చీర దోపుకుని, చేతులకి నూనె రాసుకుని, గట్టిగా ప్రార్థన చేస్తూనే దూడని లాగేసింది.

"ప్రార్థన చేస్తే చాలు కదక్కా, ఆ లాగడం దేనికి?" అన్నాను.

"దేవుడు కళ్లు మూసుకోమన్నాడు గానీ సేతులు ముడుసుకోమన్నాడేటే?"

మర్నాడు మా ఇంటికి జున్నుపాలు వచ్చాయి.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. చాలా ఏళ్లుగా గొంతులోనే ఉండిపోయింది.

అరవైల చివర్లో సంగతి. నాకు పెళ్లై పది రోజులు. మాది విజయనగరం, అత్తవారిది కోటబొమ్మాళి దగ్గర పల్లె. ఆ ఏడు వానలు లేవు. ఇంటిల్లిపాదీ చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, రోజుకి ఒక్కపూట అన్నం తినేవాళ్లు.

శనివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మా నాన్న దిగాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. అందరూ పొలంలో ఉన్నారు.

చూస్తే బియ్యం నిండుకున్నాయి! మొదటిసారి కూతురింటికి వచ్చిన నాన్నకి అంబలి పోస్తానా? వెతికితే తలుపు వెనక చిన్న కుండ కనిపించింది. మూతికి గుడ్డ కట్టి ఉంది. లోపల బియ్యం.

హమ్మయ్య అనుకుని వండేశాను. నాన్న కడుపారా తిని, "తిండికి లోటు లేని ఇంట్లో పడ్డావు తల్లీ" అని వీధి అరుగు మీద నడుం వాల్చాడు.

అక్క వచ్చి కుండ చూసింది.

"ఓలమ్మో! ఒసే గుంటా, అది దేవుడి కుండే!"

వంట చేసినప్పుడల్లా ఒక పిడికెడు తీసి అందులో వేస్తారట. ఆదివారం చర్చికి పట్టుకెళ్తారట. ఊళ్లో దిక్కులేని ముసలాళ్లకి అదే ఆధారం. మా టౌన్ చర్చిలో సంచిలో చిల్లర వేయడమే తప్ప నాకు ఇదేం తెలుసు?

మా మావయ్య చర్చి పెద్ద, అగ్గిరాముడు. పైగా సంగతి బయటపడితే నాన్నకి అన్నీ తెలిసిపోతాయి. ఆ ముద్ద ఆయనకి అరుగుతుందా?

అక్క అరుగు వైపు చూసి గొంతు తగ్గించింది.

"మీ నాయిన కడుపు నిండినాదా?"

"నిండింది."

"మరింకేటి? నోరు మూసుకో."

ఆదివారం నాన్న కూడా మాతో చర్చికి వచ్చాడు. అక్కడ ఒక్కో ఇంటి ఆడవాళ్లూ వెళ్లి గంపలో బియ్యం పోస్తున్నారు. అక్క వెళ్లి కుండ వంచింది. ఒక్క గింజ రాలలేదు. గంప పక్కనే మావయ్య.

"ఊరందరికీ సెప్పినోళ్లం, మన కుండే కాళీయా? బద్దకమా, బక్తి లేకా?"

"తప్పైపోనాది మావయ్యా. పై వారం రెండింతలు తెస్తాను."

తల వంచుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది. నేను నోరు విప్పలేదు.

స్టేషన్‌లో రైలెక్కుతూ నాన్న నా చెవిలో ఏమన్నాడో తెలుసా? "మీ పెద్ద తోటికోడలికి కాస్త అశ్రద్ధలా ఉంది. నువ్వు మాత్రం అలా ఉండకు."

ఇక తట్టుకోలేకపోయాను. ఇంటికొచ్చి మావయ్యకి అంతా చెప్పేశాను.

ఆ వారమంతా అక్క అన్నం ముట్టలేదు. అంబలితోనే ఉంది. బదులు తెచ్చిన బియ్యంలో తన వాటా కుండలోకి వెళ్లింది.

పై ఆదివారం గంపలో కుండెడు బియ్యం పడ్డాయి. అప్పుడు మావయ్య అందరి వైపూ తిరిగి, "పోయినోరం నా కోడల్ని నలుగుర్లో తిట్టినాను. తప్పు నాది. నలుగుర్లోనే సెప్తన్నాను. సెమించమ్మా" అని చేతులు జోడించాడు.

ఆ రోజుల్లో కోడలికి దణ్ణం పెట్టిన మావగారిని నేనెక్కడా చూడలేదు.

అక్క కొంగు సర్దుకుని, "కూకోండి మావయ్యా, ఎండెక్కిపోతన్నాది, పాటెత్తండి" అంది. అందరూ గొల్లున నవ్వారు.

కానీ అసలు తప్పు ఎవరిదో ఆయన చెప్పలేదు. "ఆ గుంట పేరు ఎత్తకండి" అని అక్కే ఆయన్ని బతిమాలిందట. తర్వాత నేను ఎప్పుడు ఆ మాట తీసినా, "ఇంకా ఆ కుండేనా? వదిలీ" అనేది. నేనూ హాయిగా వదిలేశాను. పిరికిదాన్ని.

ఇప్పుడు నన్ను ఆపడానికి అక్క లేదు. ఆ చర్చిలో ఉన్నవాళ్ల పిల్లలు, మనవలు ఈ పోస్ట్ చదువుతారు. మావయ్య నేర్పినట్టే నలుగురిలో చెప్తున్నాను.

ఆ కుండ ఖాళీ చేసింది నేను. రాహేలక్క కాదు.

వెళ్లిరా అక్కా. నీ ప్రభువు ఇంట్లో కడుపు నిండా తిని, హాయిగా విశ్రాంతి తీసుకో.