మాడిన పెనం గురించి వచ్చిన ఉత్తరం

మా అమ్మాయి కూతురు డిగ్రీ పాసయ్యాక, పై చదువులో చేరకముందే ఒక ఏడాది దేశాలు తిరిగి వస్తానంది. తనతో చదివిన ఇంకో అమ్మాయి తోడు వెళ్తుందట. హోటళ్ళలో దిగి ఫొటోలు తీసుకోవడం కాదు. పల్లెల్లో రైతుల ఇళ్ళల్లో ఉండి వాళ్ళతోపాటు పనిచేస్తే, వాళ్ళే అన్నం పెట్టి, పడుకోవడానికి చోటు చూపిస్తారట.

"తిరిగితే సదువొచ్చేత్తాదేటే?" అంది మా అమ్మాయి. "అలాగైతే మన ఆర్టీసీ డ్రైవర్లందరూ ప్రొఫెసర్లైపోవాల!"

"మూడేళ్ళు సదివేను గదమ్మా. ఒక్క పనైనా సేతనయిందా నాకు?" అంది పిల్ల.

నెల రోజులు ఇంట్లో ఇదే గొడవ. చివరికి మా అమ్మాయి రెండు షరతుల మీద ఒప్పుకుంది. ఏ చిన్న తేడా వచ్చినా ఆ రోజే బయలుదేరి వచ్చేయాలి. వారానికొక ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం మాత్రం అమ్మమ్మకే రాస్తానంది పిల్ల. కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, ఫొటో తీసి నా ఫోన్‌కి పంపేది.

ఎందుకంటే నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండో ఏట, మా మహిళా సంఘంలో మధ్యాహ్నాలు చెప్పిన పాఠాలతో. అంతవరకు అనకాపల్లి బస్టాండులో నిలబడి, ఎదురొచ్చినవాళ్ళనల్లా "ఇది ఏ ఊరి బస్సు బాబూ?" అని అడుగుతూ బతికాను. ఎండుచేపలకి పూడిమడక, పొలానికి ఎస్. రాయవరం. నా దేశాటన అంతవరకే.

పిల్ల వెళ్ళిన వారానికే పక్కింటావిడ గోడ మీంచి అడిగింది. "ఏటి వదినా, మీ మనవరాలు సదువు మానేసి దేశాలు పట్టుకు తిరగతందంట?"

"తిరగనీ వదినా. మీ వోడు బండేసుకుని పొద్దస్తమానం తిరగతన్నాడు గదా. మా దానికి పాసుపోర్టన్నా ఉంది," అన్నాను. ఆవిడ నవ్వింది కానీ, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆదివారం భోజనాలయ్యాక ఉత్తరం చదవడం మాకు అలవాటైంది. మా అమ్మాయి అయితే ఒక్క నిమిషంలో చదివేస్తుంది. కానీ ఉత్తరం నాది కాబట్టి నేనే చదవాలి. మా అమ్మాయీ అల్లుడూ కూర్చుని వినేవాళ్ళు. వియత్నాంలో నాట్లు వేసిందట. మొదటి రోజు అది నాటినవన్నీ మర్నాటికి నీళ్ళ మీద తేలాయట. ఆ ఇంటి ముసలాయన మళ్ళీ నాటి చూపించాడట. అది విని మా అల్లుడు చాలాసేపు నవ్వాడు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "మన పొలంలో ఏనాడైనా దిగిందా అది?" అంది.

అయిదో నెలలో కంబోడియా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నాకు ఇప్పటికీ మనసులో చదువుకోవడం రాదు. నోటితో పైకి అంటేగాని మాట నాకు అర్థం కాదు. అందుకని, ఏం రాసిందో నాకూ తెలియకుండానే చదవడం మొదలుపెట్టాను.

"అమ్మమ్మా, ఇది నీకు మాత్రమే. అమ్మకి చెప్పకు."

మా అమ్మాయి కుర్చీ ముందుకి జరుపుకుంది. "సదువు సదువు. ఏటి సెప్పొద్దందో నానూ ఇంటాను," అంది.

ఇక దాచడానికి ఏముంది? చదివాను.

పిల్ల ఉంటున్న ఇంట్లో తాటి నీరా కాచి బెల్లం చేస్తారట. ఆ ఇంటాయన తెల్లారకముందే చెట్లెక్కి నీరా దించుతాడు. ఆవిడ కాస్తుంది. ఒక పొద్దున ఆవిడ నీరా కాగుతున్న పెద్ద పెనం పిల్లకి అప్పజెప్పి, నురగ ఇంత ఎత్తు లేవగానే దించేయమని చేత్తో చూపించి, బిడ్డకి నీళ్ళు పోయడానికి వెళ్ళింది. మా పిల్ల చెరకు ఆడించి బెల్లం వండే మా గానుగ దగ్గర పెరిగింది. చెరకు రసం కాగేటప్పుడు, పాకం చుక్క చల్లనీళ్ళలో వేస్తే ఉండ కట్టేదాకా పెనం దించకూడదని చిన్నప్పుడే తాత దగ్గర చూసింది. వీళ్ళకి పాకం చూడడం తెలియదనుకుంది. నీళ్ళ గిన్నె పెట్టుకుని ఉండ కోసం చూస్తూ కూర్చుంది. ఆవిడ వచ్చేసరికి పెనం నల్లగా మాడింది. వాళ్ళది దించి, గరిటెతో తిప్పి తిప్పి పొడి చేసే బెల్లమట. వాళ్ళకి ఉండపాకం అక్కర్లేదు.

"ఆయన అన్ని చెట్లెక్కి దించింది నేను బొగ్గు చేశాను. వాళ్ళు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. వాళ్ళ మొహం చూడలేకపోతున్నాను. వచ్చేయమంటే వచ్చేస్తాను అమ్మమ్మా. నువ్వు ఏది రాస్తే అదే చేస్తాను."

"రమ్మను," అంది మా అమ్మాయి వెంటనే. "తేడా వత్తే వచ్చేయాలన్నాం గదా. నా మాట ఇనదు. నీ మాట ఇంటాది. రాయి."

నేను అప్పటివరకు సంతకాలు పెట్టాను, లిస్టులు రాశాను. ఒక్క మనిషికైనా ఉత్తరం రాయలేదు. మర్నాడు పొద్దున్న కాగితం పెట్టుకుని కూర్చున్నాను. "రా" అని రాస్తే చాలు. ఒక్క అక్షరం. పిల్ల ఇంటికొచ్చి, కాలేజీలో చేరి, మళ్ళీ గడప దాటి ఏ పనిలోనూ చెయ్యి పెట్టదు. అది నాకు తెలుసు. వయసులో ఒకసారి సిగ్గుపడి వెనక్కొచ్చినవాళ్ళని చూశాను.

నాకు మా గానుగ పద్ధతి గుర్తొచ్చింది. అక్కడ పెనం మాడ్చినవాడిని తిట్టేవారు కాదు. మర్నాడు ఆ పెనం వాడే తోమాలి. తోమి, ఆ రోజంతా వండేవాడి పక్కన కూర్చోవాలి. మా పెళ్ళైన ఏడాది మా ఆయన ఒక పెనం మాడ్చాడు. కొత్త పెళ్ళికొడుకు, మనిషి పట్టేంత పెనంలోకి దిగి ఇటుకముక్కతో గీకుతుంటే, నేను పక్క పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోస్తూ ముసిముసిగా నవ్వాను.

మధ్యాహ్నానికి ఉత్తరం పూర్తయింది. "ఆ పెనం నువ్వే తోము. ఆవిడ పక్కన కూర్చుని నురగ చూడు. నీళ్ళ గిన్నె పెట్టుకోకు. మీ తాత కూడా ఒక పెనం మాడ్చాడు. నేర్చుకున్నాక రావాలనిపిస్తే రా. ఇప్పుడు రాకు."

ఫొటో తీసి పంపడం నాకు రాదు. మా అమ్మాయికే ఇచ్చాను. అది చదివి కాగితం ఫ్రిజ్ మీద పెట్టేసి, బట్టలు ఆరేయడానికి వెళ్ళిపోయింది. పంపదనుకున్నాను. సాయంత్రం టీ ఇస్తూ అంది, "నాన్న పెనం మాడ్సేడని నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"నువ్వడిగితే గదా."

"పంపించేనులే," అంది.

వారం పోయాక ఆదివారం పిల్ల జవాబు చదివాను. పిల్ల ఇసుకా బూడిదా పెట్టి పెనం తోమిందట. ఆ ఇంటావిడ పక్కన కూర్చుని, నురగ రంగు మారేటప్పుడు వేలితో చూపించిందట. పిల్ల మూడు రోజులు చూసింది. నాలుగో రోజు ఆవిడ పెనం పిల్లకే వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా పొలానికి వెళ్ళిపోయిందట.

నేను ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

"ఆగిపోయేవేటమ్మా?" అంది మా అమ్మాయి. "దించిందా లేదా? సదువు!"