నోరు బయట పెట్టి రా

టైలరక్క నోరు సంగతి మా వీధిలో తెలియనివాళ్లు లేరు. నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని కూడా ఐదుగురికి జవాబు చెప్పగల మనిషి. చొక్కా కొలత తీసేలోపు ఆ చొక్కా తొడుక్కుని ఎక్కడికి వెళ్తారో, అక్కడ ఎవరుంటారో, వాళ్లతో ఎందుకు పడటం లేదో అన్నీ రాబట్టేస్తుంది. అడిగిన ప్రశ్న ఎవరిదైనా సమాధానం మాత్రం ఆవిడదే.

ఆ నోరే ఆవిడకు చెల్లెల్ని దూరం చేసింది.

చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు. చిన్నప్పుడు వాళ్లిద్దరి మధ్య పదో పన్నెండో ఇంటి సైగలుండేవి: అన్నం, నిద్ర, అమ్మ కోపంగా ఉంది, దాక్కో. చెల్లెలు పెద్దయ్యాక చెవిటి పిల్లల బడిలో అసలు సైగల భాష నేర్చుకుంది. అక్క నేర్చుకోలేదు. ఎందుకు, మా చెల్లెలి మనసు నాకు తెలియదా అనుకుంది. ఎవరైనా "నీ పేరేంటమ్మా" అని ఆ పిల్లని అడిగితే అక్క చెప్పేది. "ఆకలేస్తోందా" అంటే, "ఇప్పుడే తిన్నది" అని అక్కే అనేది. పైగా ఇంటికి ఎవరైనా వచ్చి నవ్వుకుంటుంటే ఎందుకు నవ్వుతున్నారని చెల్లెలు అడిగేది. దానికి మాత్రం అక్క దగ్గర ఒకటే జవాబు. "ఏం లేదులే, తర్వాత చెప్తా." ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు.

చెల్లెలు పుస్తకాలు బైండింగ్ చేసే చోట పనికి కుదిరింది. చేతిపని చూసి యజమాని ముచ్చటపడ్డాడు. పెద్ద ఊళ్లో ఆరు నెలలు శిక్షణ ఇప్పించి, తిరిగొచ్చాక సెక్షన్ అప్పగిస్తానని టైలరు షాపుకే వచ్చాడు. చెల్లెలు అక్కడే బల్ల దగ్గర నిలబడి ఉంది.

"పంపిస్తారా అమ్మా?" అన్నాడాయన, అక్కవైపు తిరిగి.

"అయ్యో, అది ఒంటరిగా ఉండలేదండీ. భయం దానికి."

చెల్లెలికి చెవులు పనిచేయకపోయినా కళ్లు బాగా పనిచేస్తాయి. అక్క పెదాల మీద 'భయం' అనే మాట చదివింది. ఆ వారంలోనే తోటి పనివాళ్ల గదికి మారిపోయింది. అది జరిగి ఆరేళ్లు. ఎప్పుడైనా ఫోన్లో ఒక్క ముక్క పంపుతుంది: 'బాగున్నాను.' అక్క ఎంత పొడుగ్గా రాసినా అటునుంచి అదే ఒక్క ముక్క.

అందుకే నలభై ఏడేళ్ల వయసులో టైలరక్క గ్రంథాలయం వెనక గదిలో సైగల క్లాసులో చేరింది. నేర్పే టీచరమ్మకూ వినపడదు. నేర్చుకునేవాళ్లు ఏడుగురు, వాళ్లలో ఒక నర్సు ఆవిడతో బాగా కలిసింది. నాలుగు నెలలయ్యాక టీచరమ్మ బోర్డు మీద రాసింది: 'గదిలో మీరు చేస్తున్నది నేలమీద ఈత. ఆదివారం నీళ్లలోకి రండి.'

నీళ్లంటే బస్టాండు వెనక క్యాంటీను. ప్రతి ఆదివారం సాయంత్రం వినపడనివాళ్లందరూ అక్కడ కూడతారు. చెల్లెలూ వస్తుందని టైలరక్కకు ముందే తెలుసు. తెలిసే, నర్సును వెంటబెట్టుకుని వెళ్లింది.

సైగల మనుషులు కదా, నిశ్శబ్దంగా ఉంటుందనుకుంది. తీరా చూస్తే బల్లలు బరబరా లాగడం, పిలవడానికి బల్లమీద దబదబా కొట్టడం, కడుపారా నవ్వులు. అందరి చేతులూ అందరికీ కనపడాలి కాబట్టి ట్యూబులైటు కింద బల్లలన్నీ గుండ్రంగా జరుపుకుంటారు. ఒకరినొకరు గుర్తునుబట్టి పిలుచుకుంటారు. పెద్ద వడ్రంగి పేరు గోరు లేని బొటనవేలు. చెల్లెలి పేరు కాగితం మడతమీద గోటితో గీసే గీత. ఆ పేర్లు ఎవరికి వాళ్లు పెట్టుకునేవి కావు, మిగతావాళ్లు ఇవ్వాలి.

అక్కను చూడగానే చెల్లెలి మొహం చెక్కలా బిగుసుకుంది. వడ్రంగి మాత్రం కుర్చీ జరిపి చోటిచ్చాడు. ఇంతలో క్యాంటీను మనిషి వచ్చి, "ఏం కావాలి పెద్దాయనా?" అన్నాడు. వడ్రంగి చెయ్యి ఇంకా పైకి లేవలేదు.

"టీ ఇవ్వు బాబూ, చక్కెర లేకుండా. పెద్దవాళ్లు కదా," అంది టైలరక్క.

బల్ల చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. టీ వచ్చింది. వడ్రంగికి మూడు చెంచాల చక్కెర లేనిదే గొంతు దిగదట. మర్యాదస్తుడు, ఆముదం తాగినట్టు తాగాడు. అప్పుడు చెల్లెలు ముందుకు వంగి వడ్రంగి నోటిదగ్గర నుంచి ఏదో తుంచినట్టు చేసి, దాన్ని తన నోట్లో వేసుకున్నట్టు చూపించింది. అందరూ ఒక్కసారి నవ్వి, 'ఓహో, ఈవిడేనా' అన్నట్టు తలలాడించారు.

"ఏంటమ్మాయ్ అది?" అని టైలరక్క పక్కనున్న నర్సు చెవిలో అడిగింది.

నర్సు నీళ్లు నమిలింది. "అది మీ పేరక్కా. మీరు రాకముందు నుంచే ఉందట."

ఇంటికి చేరేసరికి ఫోన్లో చెల్లెలి సందేశం ఉంది. ఆరేళ్లలో ఇంత పొడుగుది ఇదే. 'హాయిగా ఉండటానికి నాకున్నది ఆ ఒక్క చోటు. మళ్లీ వస్తానంటే నోరు బయట పెట్టి రా. ఇంకోసారి ఎవరి మాటైనా నువ్వు చెప్పావంటే నేనే రావడం మానేస్తాను.'

తరువాతి రెండు ఆదివారాలు టైలరక్క నోటికి కుట్టు వేసుకున్నట్టు కూర్చుంది. టీ కావాలన్నా వేలితోనే చూపించింది. ఆవిడ చేతులు నిదానం, జవాబు కూడబలుక్కునేలోపు మాట మూడు మలుపులు తిరిగిపోయేది. వీధి మొత్తానికి సమాధానాలు చెప్పే మనిషి అక్కడ పసిపిల్ల. అయినా రెండోసారి చెల్లెలికి ఐదు కుర్చీల దూరంలో కూర్చున్నది, మూడోసారికి రెండు కుర్చీల దూరానికి వచ్చింది. చెల్లెలు లేచి వెళ్లిపోలేదు. టైలరక్క ఆ మాత్రానికే మురిసిపోయింది.

నాలుగో ఆదివారం నర్సు రాలేదు. చెవులు పనిచేసేది టైలరక్క ఒక్కదానికే. ఆవిడ వీపు వెనక గల్లాపెట్టె, అక్కడ క్యాంటీను యజమాని ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"వచ్చే వారం నుంచి ఈ మూగమేళం ఉండదులే. బల్లలన్నీ పీకి పందిరేస్తారు. రెండు టీలు తాగి మూడు గంటలు. వాళ్లకి చెప్పేదేంటి, ఏం అర్థమవుతుంది? తలుపు మూసేస్తే వాళ్లే పోతారు. ఆ టైమ్ మీ యూనియన్ మీటింగుకి ఇచ్చేస్తా, సరేనా?"

టైలరక్క ఒళ్లు భగ్గుమంది. నోరు విప్పితే ఆ మనిషి ఏడు తరాలనూ ఉతికి ఆరేయగలదు. సగం లేచింది కూడా. ఎదురుగా చెల్లెలు చూస్తోంది. అక్క ఏదో విన్నదని మొహంలోనే కనిపెట్టేసింది.

'ఏమైంది?' అంది చేత్తో.

చెయ్యి తనంతట తానే లేచి గాల్లో అడ్డంగా ఊగబోయింది. ఏం లేదులే. చిన్నప్పటి నుంచీ అలవాటైన జవాబు. దాన్ని సగంలో ఆపి, కూర్చుని, మళ్లీ చేతులెత్తింది.

'అతను. ఫోన్. మనం వద్దు. తలుపు మూత. పోయిన వారం.'

బల్ల చుట్టూ కనుబొమలు ముడిపడ్డాయి. 'పోయిన వారం వచ్చాం కదా, తలుపు తీసే ఉందిగా,' అన్నాడు వడ్రంగి. ఎవరో నవ్వారు. ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అదే చోటికి వచ్చి చేతిని భుజం మీదుగా వెనక్కి విసిరింది. ఆ భాషలో వెనక్కి పోతే గడిచినది, ముందుకు పోతే రాబోయేది. కంగారులో ఆ తేడా ఆవిడకు తట్టడమే లేదు. పెదాలు కదిపితే చెల్లెలు చదివేస్తుంది. కానీ 'భయం' చదివింది ఈ పెదాల మీదే. పళ్లతో పెదవి నొక్కిపట్టి మూడోసారి చేతిని వెనక్కే విసిరింది. కళ్లలో నీళ్లొచ్చాయి.

చెల్లెలు రెండు కుర్చీలు దాటి వచ్చి అక్క మణికట్టు పట్టుకుంది. భుజం దగ్గరున్న ఆ చేతిని మెల్లగా ముందుకు తెచ్చింది. 'ఇలాగా?'

టైలరక్క తల ఊపింది. జిగురుకి గరుకుబారిన వేళ్లు అవి. ఆరేళ్ల తరువాత తగిలాయి.

'ఇంకేమన్నాడు?'

మూగమేళానికి సైగ ఎక్కడుంది? నోరు మూసి చూపించి, ఆ వెంటనే డప్పు కొట్టినట్టు చేసింది. వడ్రంగి తానూ బల్లమీద దరువు వేస్తూ నవ్వాడు. తనతో పాటు ఇంకెవరూ నవ్వకపోయేసరికి దరువు ఆపేశాడు.

చెల్లెలు బిల్లు వెనక నాలుగు వాక్యాలు రాసి గల్లాపెట్టె దగ్గరికి నడిచింది. యజమాని చదివాడు. మొహం రంగు మారింది. చెల్లెలి తలమీదుగా టైలరక్కవైపు చూశాడు.

"ఏమ్మా, మీకు మాటలొచ్చు కదా. ఏమంటోందో మీరు చెప్పండి."

టైలరక్క వేలెత్తి చెల్లెల్ని చూపించింది.

"అది కాదమ్మా, మనం మనం మాట్లాడుకుంటే..."

ఆవిడ మళ్లీ అదే వేలు చూపించింది. యజమాని దిక్కులు చూసి, చివరికి పెన్ను తీసుకుని ఒక ముక్క రాశాడు. 'యూనియన్ వాళ్లకి మాటిచ్చేశాను.' పెన్ను కింద పెట్టేశాడు, అంతే.

మామూలుగా వాళ్ల వీడ్కోళ్లకే గంట పడుతుంది, గుమ్మంలో నిలబడి మొదలుపెట్టిన కబురు మెట్లమీద పూర్తవుతుంది. ఆరోజు ఎవరి దారిన వాళ్లు దిగిపోయారు. బల్లలు మాత్రం చెల్లెలే ఎప్పటి చోట్లకు జరిపి వచ్చింది.

బస్టాపులో వడ్రంగి, చెల్లెలు, వెనగ్గా టైలరక్క.

'నువ్వు అరిచి ఉంటే లొంగేవాడేమో,' అంది చెల్లెలు ఉన్నట్టుండి.

టైలరక్క ఒక అడుగు ముందుకేసింది. 'అరవాల్సిందా?'

చెల్లెలు బస్సు వచ్చే వైపు చూసింది. 'వద్దు,' అంది. కాసేపటికి, 'తెలియదు,' అంది. బస్సు వచ్చింది. ఎక్కుతూ ఒంటిచేత్తో, 'చోటు దొరికితే చెప్తా,' అంది.

కింద నిలబడ్డ టైలరక్క బస్సు కిటికీలోంచి చూస్తే, లోపల చెల్లెలు వడ్రంగికి ఏదో చెబుతోంది. అతని నోటిదగ్గర నుంచి తుంచినట్టు చేసింది. అది తన పేరే. తుంచిన చెయ్యి ఎటు పోయిందో కనపడేలోపు బస్సు కదిలింది.

శుక్రవారానికి కూడా సందేశం రాలేదు. టైలరక్క ఫోన్ను మిషను మీదే పెట్టుకుని యూనిఫారాలు కుడుతోంది.

"ఏంటక్కా, ఇవాళ నోట్లో సూదుల్లేవు, అయినా మాట లేదు," అంది గుండీలు కుట్టించుకోవడానికి వచ్చిన పక్కింటావిడ. "మీ చెల్లెలు కలుస్తోందంటగా. ఏమంటోంది?"

"దాన్నే అడుగు," అంది టైలరక్క.