కాలితో తొక్కే పాఠం

1981 జూన్‌లో చిత్తూరులోని ఒక అంధబాలికల పాఠశాలలో నన్ను ఆయాగా వేశారు. హోదాలో అందరికంటే కింద. గదులు ఊడ్వడం, పిల్లలకు జడలు వేయడం నా పని. మూడో తరగతితో బడి మానినదాన్ని కాబట్టి పాఠాల జోలికి పోయేదాన్ని కాదు. టేపుపెట్టె వచ్చాక పోవలసి వచ్చింది.

ఆ పెట్టె చేసింది పూతలపట్టులో రేడియోలు బాగుచేసే మునిరత్నం. చూపులేని పిల్ల చుక్కల లిపి రాయాలంటే రెండు చేతులూ కావాలి, పలక పట్టుకోవడానికి ఒకటి, సూదితో పొడవడానికి ఒకటి. ఇక టేపు మీటలు ఎవరు నొక్కాలి? అందుకని కుట్టుమిషనుకు ఉన్నట్టు కాలితో తొక్కే పలకలు రెండు అమర్చాడు. కుడికాలితో తొక్కితే పాఠం వినిపిస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. ఎడమకాలితో తొక్కితే వెనక్కి తిరుగుతుంది. అర్థంకాని మాటను పిల్ల ఎన్నిసార్లయినా వినవచ్చు, ఎవరి విసుగూ లేకుండా.

ఏడో తరగతి సోషల్ పాఠాలన్నీ తన గొంతుతోనే చదివి క్యాసెట్లలో నింపాడు. క్యాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటిని విరిచేస్తే దానిమీద మళ్ళీ రికార్డు కాదు. అన్నీ విరిచే ఇచ్చాడు. పలమనేరు పిల్ల యశోద పొద్దంతా ఆ పెట్టె దగ్గరే ఉండేది. పరీక్ష తప్పితే బడి మాన్పిస్తానని వాళ్ళ నాయన చెప్పిపోయాడు.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు ఆ పిల్ల నన్ను పిలిచింది.

"ఆయమ్మా, నదుల పాఠంలో ఎవురో ఉపన్యాసం చెప్తా ఉండారు."

కిందటి వారం బడికి వచ్చిన పెద్ద ఆఫీసరు ఉపన్యాసం అది. నదులతో పాటు ఆ తరువాతి పాఠాలూ దానికింద చెరిగిపోయాయి. క్యాసెట్ తీసి చూశాను. రెక్క విరిచిన చోట కాగితం మడిచి కుక్కి ఉంది. అలా కుక్కితే యంత్రం మోసపోయి రికార్డు చేస్తుంది. తెలియక చేసిన పని కాదు.

హెడ్మాస్టరును అడిగాను.

"అప్పటికప్పుడు కొత్త క్యాసెట్ యాడ తెచ్చేది చెంగమ్మా? పాఠం మళ్ళా చదువుకోవచ్చు. అంత పెద్దాయన మళ్ళా వస్తాడా?"

"కండ్లుండేటోళ్ళు మీరు, మళ్ళా చదువుకుంటారు సార్. ఆ పిల్లకి పుస్తకమే అది."

"ఊడ్చే పని సూసుకో పో."

"గదులు ఊడ్చేది నేనే సార్. పాఠాలు ఊడ్చింది మీరు."

పొదుపు గురించి నాకెవరూ చెప్పనక్కరలేదు. చిరిగిన చీరను మసిగుడ్డలు చేసుకుంటాను. పిల్ల ఒంటిమీది గౌను మాత్రం చించను.

మునిరత్నానికి కబురు పంపాను. వచ్చి ఆ కాగితం ముక్కను చూశాడు.

"రెక్క విరిస్తే సాలనుకున్నాను గదక్కా."

"బుద్ధుండేటోళ్ళకి సాలు. ఈళ్ళకి సాల్లేదు."

హెడ్మాస్టరు చూస్తుండగానే పెట్టె విప్పి, రికార్డు చేసే భాగాన్ని ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. అది బడి సొత్తని ఆయన గదమాయించాడు.

"పాఠం గూడా బడిదే గద సార్," అన్నాడు మునిరత్నం.

పోయిన పాఠాలను అతను మళ్ళీ చదివి తెచ్చేసరికి పరీక్షలు మొదలయ్యాయి. యశోద సోషల్ తప్పింది. వాళ్ళ నాయన వచ్చి పెట్టేబేడాతో సహా పిల్లను తీసుకుపోయాడు. ఆ ఉపన్యాసం వినిపించమని మాత్రం ఒక్కరూ ఎప్పుడూ అడగలేదు.

ఆ తరువాత మునిరత్నం బడులకు చేసిచ్చిన పెట్టెలు ఏవీ రికార్డు చేయవు, వినిపిస్తాయి అంతే. నేను నేర్చుకున్నదీ అదే. చెరపవద్దని చెప్పడం చాలదు, చెరిపే వీలే లేకుండా చేసి ఇవ్వాలి.