రత్నక్క చాక్లెట్ క్రీము

మొన్న ఉదయం తిరుపతిలో మా కేకుల దుకాణం వెనక గదిలో వెన్న పెట్టె తెరిచాను. పైకాగితం విప్పగానే పాతబడ్డ నేతి వాసన సన్నగా ముక్కుకు తగిలింది. చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. పాడైన వెన్న కనిపిస్తే ఎవరైనా విసుక్కుని పక్కన పడేస్తారు. నాకు మాత్రం ఒళ్లు చల్లబడుతుంది. ఇరవై ఏళ్ల పైమాటే అయినా, చిత్తూరులో ఒక ఎండాకాలం మధ్యాహ్నం విన్న మాట ఇప్పుడే విన్నట్టు ఉంటుంది. ఆ మాట అన్న మనిషి పేరు నాగరత్నమ్మ. మాకందరికీ రత్నక్క.

మాది నగరి. ఇంట్లో మరమగ్గాలు. తొంభైల చివర్లో మగ్గాల పని తగ్గిపోయి, చిత్తూరులో పిన్నమ్మ ఇంట్లో ఉంటూ పని వెతుక్కుంటుంటే రత్నక్క తన బేకరీలో చేర్చుకుంది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆమె పుట్టిల్లు బంగారుపాళ్యం దగ్గర, మామిడి తోటల రైతు కుటుంబం. కేకుల పని బెంగళూరులో మేనమామ భార్య దగ్గర నేర్చుకుందట. భర్త గోవిందన్న ముందు కొట్టు చూసుకునేవాడు, ఆమె వెనక గదిలో కేకులు చేసేది. ఊళ్లో మిగతా బేకరీలవాళ్లు కేకు మీద వనస్పతి క్రీము పూసేవారు. నోట్లో పెట్టుకుంటే అది అంగిట్లో అతుక్కుపోయేది. రత్నక్కది మాత్రం అసలు వెన్నతో చేసిన చాక్లెట్ క్రీము.

దాన్ని చేయడం చూసిన మొదటి రోజు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. వెన్నలో వేలు పెడితే గుంట పడాలి, ఆ గుంట అలాగే నిలవాలి. చిత్తూరు ఎండలో అది కాసేపటి ముచ్చట కాబట్టి గిన్నె కింద ఐసు ముక్కల పళ్లెం పెట్టేది. ముందు వెన్నొక్కటే మిషనుతో గిలకొట్టేది. పచ్చటి వెన్న చూస్తుండగానే తెల్లబడి, ఉబ్బి, రెండింతలయ్యేది. ఆ తర్వాత జల్లించిన చక్కెర పొడి, కోకో పొడి కొంచెం కొంచెంగా వేసేది. మధ్యలో చెంచాడు పాలు, చివర చిటికెడు ఉప్పు. మిషను చప్పుడు మారిందంటే చాలు, ఆపేసేది. చక్కెర పలుకులు మిగిలాయేమోనని రెండు వేళ్ల మధ్య నలిపి చూసేది. ఒకసారి నా చేతిలో క్రీము విరిగిన పాలలాగా ముక్కలైపోతే ఏడుపు మొహం పెట్టాను. ఆమె గిన్నెను క్షణంసేపు వేడినీళ్లకు ఆనించి మళ్లీ తిప్పింది. కళ్ల ముందే అది పట్టులా కలిసిపోయింది. "ఇరిగింది కదా అని పారేస్తామా మే? సలికి ముడుసుకునింది, అంతే" అంది.

ఒక్కటి మాత్రం నాకు వింతగా ఉండేది. క్రీము అయ్యాక మొదటి చెంచా ఎప్పుడూ నాకే ఇచ్చేది. నేను తింటుంటే పని ఆపి నా మొహంలోకే చూసేది. బాగుందక్కా అన్నా సరిపోయేది కాదు, ఇంకాసేపు చూసేది. నా మీద ప్రేమ అనుకునేదాన్ని.

ఏడాదిన్నర గడిచింది. మే నెలలో ఒకరోజు పొద్దస్తమానం కరెంటు లేదు. మరుసటి ఉదయం ఫ్రిజ్‌లోంచి నేను వెన్న తీయగానే తేడా వాసన వచ్చింది. మా అవ్వ చేత్తో వెన్న చిలికిన మనిషి. అది పాడైన వెన్న వాసనని నాకు తెలుసు. కానీ రత్నక్క ఆ గిన్నె మీదకే వంగి గిలకొడుతూ ఏమీ అనలేదు. చాక్లెట్ క్రీము అనేదాన్ని మొదటిసారి ఆమె దగ్గరే తిన్నదాన్ని, ఆమెకు తెలియనిది నాకు తెలుస్తుందా అనుకున్నాను. చెంచా ఇచ్చినప్పుడు గిన్నె అందుకుంటున్నట్టు మొహం పక్కకు తిప్పుకుని మింగేశాను. బాగుందక్కా అన్నాను.

అది బంగారుపాళ్యం నుంచి వచ్చిన ఒకాయన కూతురి పుట్టినరోజు కోసం చేసిన కేకు. దాంతోపాటు అదే క్రీము పూసిన డజను కప్పు కేకులు. పెట్టె తీసుకుని కూతురితో వెళ్లిన ఆయన అరగంటకే ఆ పిల్లతో తిరిగొచ్చాడు. ఆగలేక బస్టాండులోనే ఒక కప్పు కేకు తిన్న ఆ పాప వాంతి చేసుకుందట. ఆయన కేకలు వేయలేదు. పెట్టె బల్ల మీద పెట్టి, "మీరు తిని సూసినారా దీన్ని?" అని అడిగాడు, అంతే. గోవిందన్న వాసన చూసి మొహం ముడిచాడు. నన్ను పిలిచి, వెన్న నువ్వే కదా తీసిందని నిలదీసి, రేపటి నుంచి రావద్దన్నాడు. అప్పుడు రత్నక్క కోకో పొడి చేతులతోనే బయటికొచ్చింది.

"ఆ పిల్లను అనొద్దు. నాకు వాసన తెలీదు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. నన్ను కాపాడటానికి అబద్ధమాడుతోందనుకుని గోవిందన్న నవ్వబోయాడు. ఆమె అదే గొంతుతో చెప్పింది: "ఆరేండ్లాయ. తీపి, ఉప్పు నాలికకు తెలస్తాయి. వాసన మాత్రం ఒకటీ తెలీదు. మల్లెపూలైనా ఒకటే నాకు, మురుక్కాలవైనా ఒకటే."

ఆరేళ్ల కిందట గోవిందన్న స్కూటరు వెనక కూర్చుని పలమనేరు రోడ్డులో వస్తూ ఆమె పడిపోయింది. తల వెనక దెబ్బ తగిలింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి నవ్వుతూ ఇంటికొచ్చిందని ఆయనే ఎన్నోసార్లు మాకు చెప్పేవాడు. ఇప్పుడు ఆయన మొహంలో రంగు పోవడం నేను చూశాను.

"కూర మాడితే వాసన రాలేదా అని ఎన్నిసార్లు తిట్టినానే నిన్ను" అన్నాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"బండి తోలింది నువ్వు. చెప్తే నీకింక నిద్ర పడుతుందా?"

గోవిందన్న అక్కడే ఉన్న చక్కెర మూట మీద కూలబడ్డాడు. కేకు తెచ్చినాయన కూడా కూతురి చెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. రత్నక్క రోజూ నా మొహంలోకి ఎందుకు చూసేదో నాకు అప్పుడు తెలిసింది. తనకు తెలియని వాసనను ఏడాదిన్నరగా నా మొహంలో వెతుక్కుంది. ఆ పొద్దున నేను దాన్నే తిప్పుకున్నాను.

సాయంత్రానికి మళ్లీ చేసి ఇంటికే తెచ్చిస్తామని చెప్పి రత్నక్క ఆ పాప నాన్నను పంపింది. తాజా వెన్న కోసం గోవిందన్న బయల్దేరాడు. స్కూటరు వాకిట్లోనే ఉంది, ఆయన నడిచే వెళ్లాడు. వెనక గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పేశాను, వాసన నాకు పొద్దునే తెలిసిందని. కొడుతుందనుకున్నాను. ఆమె ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగింది. నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నానన్నాను.

"నీకు తెలిసింది ఎదుటోళ్లకూ తెలిసే ఉంటాదని ఎప్పుడూ అనుకోవద్దు మే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లు గోవిందన్న వెళ్లిన వాకిలి వైపు ఉన్నాయి.

రెండోసారి క్రీము చేసి చెంచా ఇచ్చినప్పుడు, చేదు ఎక్కువైంది, కోకో వాసన గొంతులో గుచ్చుకుంటోందని ఈసారి మొహం తిప్పుకోకుండా చెప్పాను. ఆమె ఇంకొంచెం వెన్న వేసింది. ఆ కేకు ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇద్దరం బంగారుపాళ్యం వెళ్లాం. పాప మమ్మల్ని అనుమానంగా చూసి, వేలి కొసతో కాస్త నాకి, ఆ తర్వాత అరచెయ్యి మొత్తం ముంచింది.

కొందరు మా దగ్గర కొనడం మానేశారు. రత్నక్క మాత్రం ఆ తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు. నాకు వాసన తెలీదు, ఈ పిల్లకు తెలుస్తాదని వచ్చినవాళ్లకు తనే చెప్పేది. గోవిందన్న వంట వేళకు ఆమె పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. తాలింపు వేగింది, పాలు అడుగంటుతున్నాయి, బయట వాన వాసన వస్తోంది అని ఒక్కొక్కటీ చెప్పేవాడు.

రత్నక్క పోయి నాలుగేళ్లయింది. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో, ఆరేళ్లు ఒక మనిషి అంత పెద్ద సంగతి దాచగలదన్న దిగ్భ్రాంతి నాలో ఇంకా తగ్గలేదు. అందుకే మా ఆయన మాట్లాడకుండా అన్నం తింటుంటే ఏమైందని అడుగుతాను. ఏమీ లేదంటాడు. ఆ జవాబు విని లేచిపోలేను. పక్కన కూర్చుని ఇంకోసారి అడుగుతాను.