గాజుల జత మీద నేను వేసిన ప్రశ్న

మొన్న ఉదయం పేపరులో, అతివేగంతో ఢీకొట్టించిన ప్రోటాన్ల నుంచి పుట్టిన రెండు బరువైన కణాలు రెప్పపాటైనా నిలవకుండా విరిగిపోయినా, వాటి తునకలు ఎగిరిన దిక్కులను బట్టి ఆ రెంటి మధ్య క్వాంటం చిక్కుముడి ఉందని కొలిచి తేల్చారని చదివి, కాఫీ చల్లారిపోతున్నా చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. డెబ్బైలలో చదువుకున్న మీలో చాలామందికి ఇలాంటి వార్త చూడగానే ఎవరో ఒక మాస్టారు మనసులో మెదిలే ఉంటారు. నాకు మా మేనమామ మెదిలారు.

ఆయన అప్పట్లో తిరువూరులో నేను చదివే కాలేజీలోనే ఫిజిక్సు చెప్పేవారు. ఇంట్లో మామయ్య, కాలేజీలో సార్. ఈ రెండు పిలుపులూ కలిసిపోకుండా చూసుకోవడం నాకు పెద్ద పనిగా ఉండేది. ఆయనది తాత్కాలిక ఉద్యోగం. ఆ ఏడు సైన్సు సభలో ఆయన ప్రసంగం వినడానికి కాలేజీ కమిటీ పెద్దలు వస్తున్నారనీ, నచ్చితే పర్మనెంటు చేస్తారనీ తెలిసి, అమ్మ తన తమ్ముడి చొక్కాకు తానే గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ప్రార్థన చేసి మరీ పంపింది.

ఇలా చిక్కుముడి పడ్డ జంట కణాల్లో ఒకదాన్ని కొలిస్తే దూరాన ఉన్న రెండోదాని సంగతీ తేలిపోతుందని చెప్పడానికి మామయ్య గాజులు ఎన్నుకున్నారు. ఎర్రదొకటి, పచ్చదొకటి విడివిడిగా కాగితాల్లో చుట్టి, కళ్లు మూసుకుని కలిపేసి, ఒక పొట్లాన్ని పొద్దున్నే గంపలగూడెం బస్సు డ్రైవరు చేతికిచ్చి పెనుగొలనులోని మా పిన్నికి పంపారు. మందులైనా ములక్కాయలైనా ఆ రోజుల్లో అలాగే కదా ఊళ్లు చేరేవి. సభలో రెండో పొట్లం విప్పితే పచ్చ గాజు వచ్చింది. పెనుగొలనులో ఉన్నది ఎర్రదని ఇక్కడ కూర్చునే తేలిపోయింది చూడండి, ఎంత దూరమైనా విడిపోని జత ఇది, అని ఆయన అనగానే చప్పట్లు మోగాయి.

నేను చప్పట్లు కొట్టలేకపోయాను. మనవాళ్ల వాదమైనా సరే, లొసుగు కనిపిస్తే దాచకూడదని కాలేజీ డిబేటింగు క్లబ్బులో మాకు మొట్టమొదట నేర్పారు. లేస్తే మామయ్యకు ఏమవుతుందో తెలిసీ, కూర్చోలేక లేచాను.

"సార్, ఆ గాజు బస్సెక్కేటప్పుడే ఎర్రది కదండీ? మనకి తెలియడమే ఆలస్యమైంది. ఇందులో వింతేముందండీ?"

"సొంత మామనే పట్టేసిందిరోయ్!" అన్నారెవరో వెనక బెంచీలోంచి. కమిటీ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామయ్య గాజును బల్ల మీద పెట్టి, "నిజమేనమ్మా. కొలిచేదాకా కణం సంగతి ఖాయం కాదంటారు, గాజు సంగతి ముందే ఖాయం. నా ఉదాహరణే తప్పు. ఆ తేడా ఎలా చూపించాలో నాకింకా తెలీదు," అన్నారు.

అలా ఒప్పుకున్న మనిషిని పర్మనెంటు చెయ్యలేదు. "ఒక్క గంట నోరు మూసుకుని కూర్చోలేకపోయావటే?" అని అమ్మ ఏడుస్తూ తిడుతుంటే, మామయ్య అన్నం కలుపుకుంటూ, "దాన్నేం అనకక్కా. అది అడక్కపోతే వచ్చే ఏడూ ఇదే తప్పు చెప్పేవాణ్ణి," అన్నారు. తరవాత వేరే ఊరి కాలేజీలో చేరి, రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఒక కొత్త ఉదాహరణ పెట్టి, ఇందులో లొసుగేమిటో వెతికి రాయమని అడిగేవారు. ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది.

ఆ పైన నేనూ లెక్చరరునై ముప్పయ్యేళ్లకు పైగా పాఠాలు చెప్పాను. పిల్లలు మర్యాదస్తులు, శ్రద్ధగా నోట్సు రాసుకుని, చెప్పింది చెప్పినట్టు పరీక్షలో దించి, పండగలకు ఫోను చేసేవారు. నేను చెప్పినవాటిలో ఎన్ని తప్పులు అలాగే ఉండిపోయాయో, అంతమందిలో లేచి అడిగిన పిల్ల ఒక్కతీ లేకపోయింది.