రుమాళ్ల బ్యాండు

నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక సందులో ఉండే ఆ బ్యాండుకు బోర్డు మీద ఏ పేరుండేదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. జనం పెట్టిన పేర్లు మాత్రం రెండున్నాయి. ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లు 'తిక్కోళ్ల బ్యాండు' అనేవాళ్లు. మిషన్ కాంపౌండులో ఆడవాళ్లు 'రుమాళ్ల బ్యాండు' అనేవాళ్లు. మొదటి పేరు వినబడ్డప్పుడల్లా సుగుణమణి తన ఎడమ చెవి అటు తిప్పి నడిచిపోయేది. ఆ చెవికి ఏమీ వినపడదు.

ఆ చెవి అబిడ్స్‌లో పోయింది. మెదక్ నుంచి వచ్చి, వయసులో ఉండగానే టెలిఫోన్ల ట్రంకు ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేరింది సుగుణమణి. రోజంతా తలకు పట్టీ, చెవికి హెడ్‌ఫోను. లైను కలిసేటప్పుడు వచ్చే టపాటపాలు, అవతలివాళ్ల అరుపులు, చావు కబుర్లు, బేరాలు అన్నీ ఆ చెవిలోంచే పోయాయి. మొదట్లో ఈగ దూరినట్టు రొద ఉండేది. కొన్నేళ్లకు ఆ రొద కూడా ఆగింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా మెల్లగా మానేశారు. వీధి వీధికీ ఎస్టీడీ బూత్‌లు వచ్చాక ట్రంకు కాల్స్ పడిపోయాయి. ఆమెను ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ పని తక్కువ, తిట్లెక్కువ.

ఆదివారాలు మిషన్ కాంపౌండు గుడిలో హార్మోనియం వాయించేది. గుడి వెనక పెంకుల కప్పుతో పాత సండే స్కూల్ గది ఒకటి ఉండేది. పిల్లలు కొత్త బిల్డింగులోకి మారాక అందులో విరిగిన బెంచీలు వేశారు. సాయంత్రాలు ఆ బెంచీల మధ్య ఒక్కతే కూర్చుని కీర్తనలు సాధన చేస్తుంటే, ఒకనాడు జెర్లిన్ వచ్చి గోడవైపు తిరిగి నిలబడింది.

జెర్లిన్ కాంపౌండు చివరింటి నర్సు కూతురు. ఏ స్కూలూ ఎక్కువ రోజులు ఉంచుకోలేదు. మనుషులతో మాట్లాడదు. స్టేషన్ మైకులో వచ్చే ప్రకటనలు మాత్రం అదే గొంతుతో అచ్చు దించేది. "యాత్రికులకు విజ్ఞప్తి" అని మొదలుపెడితే, తెలియనివాళ్లు సంచులు సర్దుకుని లేచేవాళ్లు. చేతికి బుల్‌బుల్ వాద్యం ఇస్తే, గోడకు ముఖం పెట్టి, సుగుణమణి వాయించిన కీర్తన ఒక్క స్వరం పోకుండా తిరిగి వాయించింది.

ఆ తర్వాత మొగులయ్య వచ్చాడు. అతను ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసే హమాలీ. వెంట ఎదిగిన కొడుకు అంజన్.

"అక్కా, గీ పోరడు ఇంట్ల గిన్నెలు, డబ్బాలు, తలుపులు ఏదీ ఇడుస్తలేడు, అన్నీ కొడ్తుండు. కిరాయి ఇంటాయన ఖాళీ జెయ్యమంటుండు. జర గీడ కొట్టుకోనియ్యి."

"కొట్టుడు సరే మొగులయ్యా, మాట వింటడా?"

"వినడు. నువ్వే వాని మాట వినాలె."

అంజన్ ఆమె వైపు చూడలేదు. పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. ఆ ఫ్యాను తిరిగినప్పుడల్లా టక్కుమనేది. రెండు చెవులూ మూసుకుని, "బంద్ జెయ్" అన్నాడు. సుగుణమణి లేచి ఫ్యాను ఆపింది. మే నెల. నలుగురికీ చెమటలు కారుతున్నాయి. అంజన్ చేతులు దించి, మూలనున్న పెద్ద డ్రమ్ము దగ్గరికి వెళ్లి మూడు దెబ్బలు వేశాడు. సమానంగా, తొందర లేకుండా. మూడో దెబ్బ ఆగగానే గోడ దగ్గర జెర్లిన్ బుల్‌బుల్ మీద పాట ఎత్తుకుంది.

బ్యాండు అట్లా పుట్టింది. తర్వాత ఇంకో నలుగురైదుగురు చేరారు. నడుస్తూ తప్ప ఫ్లూటు ఊదలేనివాడు ఒకడు. కంచు తాళాలు తన ఇంటినుంచి తెచ్చుకుని, తన సంచిలోనే దాచుకుని పోయేవాడు ఒకడు. డాక్టర్లు వాళ్లందరికీ కలిపి ఒకటే మాట రాసిచ్చేవాళ్లు, బుద్ధిమాంద్యం అని. సుగుణమణి ఆ చీటీలు అడగలేదు. ఎవరికి ఏ చప్పుడు పడదో అడిగి తెలుసుకునేది. ఆ గదిలో ఫ్యాను తిరగదు. వెనకనుంచి ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. అంజన్ మూడు దెబ్బలు వేయందే పాట మొదలు కాదు.

రుమాళ్ల సంగతి మొదటి క్రిస్మస్ తర్వాత వచ్చింది. ఆరోజు కాంపౌండులో రెండు కీర్తనలు వాయించారు. జనం సంతోషంతో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు అంజన్ డ్రమ్ము వదిలి పరుగెత్తాడు. సాయంత్రానికి స్టేషన్లో దొరికాడు, పార్శిల్ మూటల మధ్య దూరి, తల మోకాళ్లలో పెట్టుకుని. మొగులయ్య అక్కడే కూలబడి, "మంచిగనే కొట్టిన్రు గదరా. నిన్ను మెచ్చుకున్నర్రా" అని కొడుకుతో చెప్పుకుంటూ ఏడ్చాడు.

మట్టల ఆదివారం వచ్చింది. గుడిలో అందరూ ఖర్జూరపు మట్టలు పట్టుకుని ఊపుతుంటే సుగుణమణికి తట్టింది. అందులో చప్పుడు లేదు, సంతోషం మాత్రం కనబడుతోంది. అప్పటినుంచి ప్రతి ప్రోగ్రాముకు ముందు ఆమే లేచి చెప్పేది: "దయచేసి చప్పట్లు కొట్టొద్దు. నచ్చితే రుమాలు ఊపుండ్రి." నవ్విన వాళ్లు నవ్వారు. మెల్లగా అలవాటైంది. ఆడవాళ్లు కొంగులు ఊపేవాళ్లు. మొగులయ్య తలరుమాలు విప్పి, బారెడు గుడ్డ గాలిలో తిప్పేవాడు. అంజన్ నవ్వడం ఆ గుడ్డను చూసినప్పుడే. బేగం బజార్ సేటు ఒకాయన కూతురి పెళ్లికి పిలిపించి, బారాత్ జనాన్ని ఆపలేక, అందరికీ కొత్త రుమాళ్లు పంచిపెట్టాడు. ఆ పేరు అప్పుడు స్థిరపడింది.

ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో అట్లా గడిచాయి. సుగుణమణి జీవితంలో కాస్త ఎండ పడ్డది ఆ ఏళ్లలోనే.

తర్వాత స్టేషన్ రోడ్డు మీద జాగాలకు ధర పెరిగింది. కాంపౌండు కమిటీ సెక్రటరీ సుందర్‌రాజ్, బ్యాంకులో రిటైరైన మనిషి, ఒకనాడు ఆరాధన అయ్యాక ఆమెను పక్కకు పిలిచాడు.

"సిస్టర్, ఆ గది పడగొట్టి దుకాణాల మడిగెలు కట్టిద్దామని కమిటీలో అంటున్నారు."

"మా వాళ్లు యాడ వాయించుకోవాలె బ్రదర్?"

"నాకు తెలియదా సిస్టర్? కానీ కమిటీకి ఏం చూపించను? నలుగురి కళ్లల్లో పడ్డ బ్యాండు అయితే మాట్లాడగలను. శ్రీపతి గారని, పెద్ద సాంస్కృతిక సంఘం ఆయన, వార్షికోత్సవానికి మీ బ్యాండును అడుగుతున్నాడు. మా కమిటీ మొత్తం ముందు వరసలో కూర్చుంటది. ఆ రోజు బాగా జరిగితే గది మీదే."

మొగులయ్య వద్దన్నాడు.

"మన కాంపౌండోళ్లు వేరక్కా. గాడ గంతమంది. ఎవలని ఆపుతవ్?"

"రూము పోతే వాడు యాడ కొడ్తడు చెప్పు. మళ్ల నీ ఇంట్ల గిన్నెలేనా?"

మొగులయ్య తలరుమాలు సర్దుకున్నాడు. "నీ ఇష్టం" అన్నాడు.

అంజన్ దగ్గర మాత్రం ప్రశ్నలున్నాయి.

"రుమాళ్లేనా?"

"రుమాళ్లే."

"చప్పట్లు?"

"ఉండవు బిడ్డా."

"మాటియ్యి."

అతను ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఆరోజు తనే కుడి అరచెయ్యి చాపాడు. సుగుణమణి ఆ చేతిలో చెయ్యి వేసింది. దెబ్బలకు కాయలు కాసి, గరుగ్గా ఉంది.

శ్రీపతి మర్యాదస్తుడు. రుమాళ్ల మాట చెప్పగానే మురిసిపోయాడు. "అద్భుతం మేడమ్ గారూ! హాలుకి సరిపడా తెల్ల రుమాళ్లు మేమే పంచుతాం. మా సంఘం పేరు అచ్చు వేయిస్తాం. మైకులో మాత్రం నేనే చెబుతానండీ. మీరు చెబితే పెద్దలకి ఆజ్ఞ వేసినట్టు ఉంటుంది, బాగుండదు." ఎప్పుడూ తనే చెప్పే ఆ రెండు మాటల్నీ ఆమె అతనికి అప్పగించింది.

పబ్లిక్ గార్డెన్స్ దగ్గర ఒక పెద్ద హాలు. శ్రీపతి అన్నమాట నిలబెట్టుకున్నాడు. మొదట్లోనే విషయం చెప్పాడు, రుమాలు ఎలా ఊపాలో చూపించాడు కూడా. అంజన్ మూడు దెబ్బలు వేశాడు. వెనక తెరవైపు తిరిగి జెర్లిన్ ఎత్తుకుంది. ఫ్లూటువాడు స్టేజీ ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. అంత బాగా వాళ్లు ఎప్పుడూ వాయించలేదు. పాట ఆగగానే హాలంతా తెల్లగా కదిలింది. ఎక్కడా చప్పుడు లేదు. కింద పక్కగా నిలబడ్డ మొగులయ్య తలగుడ్డ తిప్పుతున్నాడు. అంజన్ దాన్నే చూసి నవ్వాడు. సుగుణమణి గుండె నిండిపోయింది. గది నిలిచిందనుకుంది.

శ్రీపతి కళ్లు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు. ఇరవై ఏళ్లుగా వేదికల మీద మాట్లాడిన నోరు. "ఏం ప్రతిభండీ! దేవుడు ఒకటి తీసుకుని ఇంకోటి ఇచ్చాడు. ఈ బిడ్డల కోసం అందరూ ఒక్కసారి లేచి నిలబడి, గట్టిగా, ఇంకా గట్టిగా..."

జనం లేచారు. రుమాళ్లు జేబుల్లో పెట్టుకుని, రెండు చేతులా చప్పట్లు కొట్టారు.

ఈసారి అంజన్ పరుగెత్తలేదు. పరుగెత్తే దారంతా జనమే. డ్రమ్ము మీద పడి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పట్లు వినపడకుండా చేయడానికి, వాటికంటే గట్టిగా. అందులో లయ లేదు. గాలివాన వచ్చి రేకుల కప్పును బాదినట్టుంది. "చూశారా ఉత్సాహం! ఆగట్లేదు!" అన్నాడు శ్రీపతి. జనం ఈలలు వేశారు. అంజన్ పెంచితే వాళ్లు పెంచారు. జెర్లిన్ బుల్‌బుల్ కింద పెట్టేసి, తెరకు ముఖం ఆనించి, ఏదో బండి ఏదో ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నదని చెబుతోంది.

హార్మోనియం దగ్గరినుంచి సుగుణమణికి అంజన్ ముఖం కనబడుతోంది. కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఆ గోలలో మాట వినపడదు. చెవి పోయినప్పటినుంచీ ఆమెకు పెదాలు చదవడం అలవాటు. "బంద్ జెయ్. బంద్ జెయ్." ఫ్యాను ఆపమన్నట్టే, ఆమెకే చెబుతున్నాడు.

లేవాలి. లేచి మైకు లాక్కోవాలి, లేదా అతన్ని పట్టుకుని లోపలికి తీసుకుపోవాలి. అప్పుడే ముందు వరస మీద ఆమె చూపు పడింది. కమిటీ మొత్తం నిలబడి ఉంది. గది పడగొట్టాలన్న మనిషి చేతులెత్తి కొడుతున్నాడు. సుందర్‌రాజ్ కళ్లెంట నీళ్లు. ఇప్పుడు ఆపితే ఈ ముఖాలు మారిపోతాయి. ఇంకొక్క నిమిషం, అనుకుంది సుగుణమణి. తనే ఆగుతాడు, అనుకుంది. కూర్చునే ఉంది.

కర్ర విరిగింది. అంజన్ ఉత్త చేతులతో డ్రమ్ము అంచు మీద కొడుతున్నాడు. డ్రమ్ము తెల్లటి చర్మం మీద ఎర్రటి మచ్చలు పడుతున్నాయి. జనాన్ని తోసుకుంటూ పైకెక్కింది మొగులయ్యే. "చాలుర బిడ్డా, చాలు" అంటూ కొడుకు రెండు చేతులూ తలగుడ్డలో చుట్టి, అతన్ని ఒళ్లో అదుముకున్నాడు. అది చూసి జనం ఇంకా గట్టిగా కొట్టారు.

మరుసటి ఆదివారం సుందర్‌రాజ్ గుడి మెట్ల మీదే ఎదురొచ్చాడు. "గది మీదే సిస్టర్. ఒక్కరు కూడా కాదనలేదు. సున్నం వేయించి, కొత్త ఫ్యాను కూడా పెట్టిస్తున్నాం."

ఆ వారం సాధనకు అంజన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. సుగుణమణి ఉస్మాన్‌గంజ్ వెళ్లింది. గోదాము చీకట్లో, మిరపకాయల ఘాటులో, అంజన్ దబ్బనంతో బస్తాల మూతులు కుడుతున్నాడు. చెవుల నిండా దూది. ఆమెను చూశాడు. లేవలేదు, పారిపోలేదు. కుడిచెయ్యి మాత్రం వెనక్కి దాచుకున్నాడు.

మొగులయ్య బస్తా దించి వచ్చాడు. "రూము వచ్చిందట గదక్కా."

"వచ్చింది."

"మంచిగైంది."

"నన్ను తిట్టు మొగులయ్యా. జర తిట్టరాదూ."

"ఏం తిట్టాలె? గాళ్లకు తెల్వదు, కొట్టిన్రు." అతను ఇంకో బస్తా కింద వీపు పెట్టాడు. "నీకు తెలుసు."

బస్తా ఎత్తుకుని లోపలికి పోయాడు. దారికి అడ్డంగా ఉన్నావమ్మా, జరుగు అని ఎవరో అన్నాక కదిలింది.

గది మళ్లీ తెరిచిన రోజు కమిటీ వాళ్లు, శ్రీపతి, కాంపౌండు జనం అందరూ వచ్చారు. గోడలు తెల్లగా ఉన్నాయి. కొత్త ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. పెద్ద డ్రమ్ముకు కొత్త చర్మం బిగించి నడుమ పెట్టారు. మిగతావాళ్లు అప్పటికే ఒక్కొక్కరే రావడం మానేశారు. జెర్లిన్ మాత్రం వచ్చి, బుల్‌బుల్ పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఒక్క కీర్తన సిస్టర్" అన్నాడు సుందర్‌రాజ్.

జెర్లిన్ కదల్లేదు. మూడు దెబ్బల కోసం చూస్తోంది. జనం ఓపిగ్గా కూర్చున్నారు. చివరికి సుగుణమణే లేచి, కర్ర తీసుకుని డ్రమ్ము మీద మూడు దెబ్బలు వేసింది. జెర్లిన్ తల కొంచెం తిప్పి వింది. ఇవి ఆ దెబ్బలు కావు. మళ్లీ గోడవైపు తిరిగి, స్టేషన్ గొంతుతో, ఎంతో మర్యాదగా, రావలసిన బండి ఆలస్యంగా నడుస్తున్నదని, యాత్రికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని చెప్పింది.

ప్రోగ్రాము అయిపోయిందనుకుని సుందర్‌రాజ్ జేబులోంచి సంఘం పేరు అచ్చువేసిన తెల్ల రుమాలు తీశాడు. శ్రీపతీ తీశాడు. ఒకరిని చూసి ఒకరు అందరూ తీశారు. ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. గదంతా మెత్తగా, చప్పుడు లేకుండా రుమాళ్లు ఊగుతున్నాయి. సుగుణమణి కర్ర చేతిలో పట్టుకుని, ఆ డ్రమ్ము పక్కనే నిలబడి, అవి ఎప్పుడు ఆగుతాయా అని చూస్తూ ఉండిపోయింది.