రైలు నడుస్తుందని అన్ని పేజీల్లోనూ ఉంది

మొన్న చుట్టాలను రైలెక్కించడానికి విశాఖపట్నం స్టేషనుకు వెళ్ళి, బండి ఆలస్యమంటే బల్ల మీద కూలబడి ఉన్నాను. పక్కన ఒకతను, కంగారు పడుతున్న వాళ్ళమ్మకు ఫోను చూపించి, నాలుగు చోట్ల చూశానమ్మా, నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి, బండి వచ్చేస్తుంది అని ధైర్యం చెబుతున్నాడు. ఊరుకోవచ్చు కదా, నా నోరు ఊరుకోదే! ఆ నాలుగూ ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నాయో కనుక్కున్నావా నాయనా అని అడిగేశాను. అతను నన్ను ఎగాదిగా చూసి, తల్లిని తీసుకుని వేరే బల్లకు వెళ్ళిపోయాడు. నాకు మాత్రం బస్తర్ అడవుల్లోని కిరండూల్ గుర్తుకొచ్చి, బండి వచ్చేదాకా మరో ధ్యాస లేకపోయింది.

మీలో ఆ వైపు ఉద్యోగాలు వెలగబెట్టిన వాళ్ళుంటే ఆ ఎర్ర దుమ్ము గురించి నేను చెప్పక్కర్లేదు. ఇనుప కొండ కింద కంపెనీ టౌన్‌షిప్, తెల్ల చొక్కా అన్నది పెళ్ళికి తప్ప పనికిరాని ఊరు, కంప్యూటర్ కీబోర్డు బోర్లించి తడితే కుంకుమ భరిణె ఒలికినట్టుండేది. మా బావ గనిలో డంపర్లు బాగుచేసే మెకానిక్కు, ఊరికే తిరుగుతున్న నన్ను అక్కడికి రప్పించి, నాలుగు మెతుకులు పెట్టి, కంపెనీ కంప్యూటర్ గదిలో కుదిరేదాకా కాపు కాసింది మా అక్క. అమ్మ పోయాక నాకు అమ్మ అంటే అక్కే, తన చిన్న కూతురితో పాటు నేనూ ఆమెకొక బిడ్డనే.

ఇంటర్నెట్ సెంటర్లు వీధికొకటి వెలుస్తున్న రోజులవి. మా టౌన్‌షిప్ వెబ్‌సైటులో ఆస్పత్రికొక పేజీ, బడికొక పేజీ, గెస్ట్‌హౌస్‌కూ క్లబ్బుకూ టెండర్లకూ తలా ఒకటి ఉండేవి. అయితే జనానికి కావలసింది అవేవీ కావు, విశాఖ పాసింజరు ఇవాళ నడుస్తుందా లేదా అన్నది ఒక్కటే. వానకు కొండరాళ్ళు పడినా, బంద్ అని అడవిలోని వాళ్ళు పట్టాలు ఊడదీసినా, మాకూ సముద్రపు ఒడ్డుకూ సంబంధం తెగిపోయేది. ఆ కబురు ప్రతి పేజీ నెత్తిన రాయమన్నాడు మా పెద్దసారు. మొదట్లో ఒక్కొక్క పేజీ తెరిచి మార్చేవాణ్ణి, ఒకటి మార్చి ఒకటి మరిచిపోయి, బడి పేజీలో రైలు నడుస్తూ ఆస్పత్రి పేజీలో ఆగిపోతే చీవాట్లు తినేవాణ్ణి. తరువాత సర్వర్ సైడ్ ఇంక్లూడ్ అనే ఉపాయం నేర్చుకున్నాను. రైలు మాటను ఒక చిన్న ఫైలులో రాసి విడిగా పెట్టి, ప్రతి పేజీలోనూ ఆ ఫైలును ఇక్కడ చేర్చు అని ఒక ముక్క రాస్తే చాలు, ఎవరు ఏ పేజీ అడిగినా సర్వరే ఆ మాటను తెచ్చి అతికించి పంపుతుంది. ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారిపోతుంది. ఆహా, అది పనిచేసిన నాడు ఎంత పొంగిపోయానో! అక్క చేత పాయసం వండించుకుని మరీ తిన్నాను.

ఆ ఏడు బావ వాళ్ళమ్మకు కంటి ఆపరేషన్ చేయించడానికి విశాఖ వెళ్ళిన సమయంలోనే అక్కకు జ్వరం వచ్చింది. బస్తర్ మలేరియా సంగతి తెలుసుగా, రెండో నాటికి మెదడుకెక్కింది. మధ్యాహ్నం విశాఖలో బావ వాళ్ళ వీధి కొట్టుకు ఫోను చేసి, ఉన్నపళాన బయలుదేరమని కబురు పెట్టాను. కాసేపటికే దంతెవాడకూ మాకూ మధ్య పట్టాలు ఊడదీశారని స్టేషను నుంచి తెలిసింది. రైలు ఫైలు మార్చేద్దామని పరుగెత్తి కూర్చుంటే మోడెమ్ కూయడం లేదు. సర్వరేమో ఎక్కడో దూరాన నగరంలో ఉంది, దాన్ని అందుకోవడానికి మాకున్నది ఆ టెలిఫోను తీగ ఒక్కటే. మద్దేడ్ నుంచి వచ్చి మా దగ్గర పనిచేసే లైన్‌మన్ తలుపు దగ్గరే నిలబడి, తార్ మొత్తం కట్ జేసిండ్రు సార్, పోల్ గూడ పడిపోయింది, నేనేంది చేస్తా అన్నాడు. నేను మాత్రం ఏం చేస్తాను? బావతో మాట్లాడే దారి కూడా అదే తీగ.

బావకు మా ఊరి ఫోను కలవక, రైల్వే విచారణ ఫోను ఎవరూ ఎత్తక, సాయంత్రం ఇంటర్నెట్ సెంటరుకు పోయి మా వెబ్‌సైటు చూశాడు. రైలు నడుస్తుంది అని ఉంది. అవతల బస్సు సిద్ధంగా ఉంది గాని, దారిలో చెట్లు నరికి పడేశారని స్టాండులో పుకారు. ఏది నిజమో తేల్చుకుందామని పాపం ఆస్పత్రి పేజీ చూశాడు, బడి పేజీ, గెస్ట్‌హౌస్ పేజీ, అన్నీ తిప్పాడు. అన్నిచోట్లా రైలు నడుస్తూనే ఉంది. బస్సు వదిలేసి తెల్లారి రైలెక్కాడు.

ఆ బస్సు పొద్దున్నే వచ్చేసింది. ఎదురు వెళ్ళి నిలబడ్డాను, అందరూ దిగారు, బావ దిగలేదు. అక్క ఆ సాయంత్రం దాకా ఉంది. మీ బావ వచ్చాడా అని అడిగినప్పుడల్లా వస్తున్నాడక్కా అన్నాను, చివరికి అడగడం మానేసింది. బావ రైలు దంతెవాడలో ఆగిపోయింది. ఆ మధ్యాహ్నానికే రోడ్డు కూడా మూసేశారు, అక్కడి నుంచి ఆయన నడిచినంత నడిచి, ఎవరి సైకిలో ఎక్కి, మరునాడు పొద్దెక్కాక ఇల్లు చేరాడు. ఆ ఎండల్లో, ఐసు దొరకని ఊళ్ళో, శవాన్ని ఎంతసేపు ఉంచుతాం? తెల్లవారుతూనే నిప్పు నేనే పెట్టాను. బావ గుమ్మంలో నిలబడి, చితి చల్లారిపోయిందా అని మాత్రం అడిగాడు.

దారులు తెరిచాక చుట్టాలు వచ్చారు. అందరి ముందూ మా పెద్దమ్మ, ఆ రాతలు రాసేది ఇంట్లోవాడే కదా, సొంత అక్కకు కూడా అక్కరకు రాలేదు అని నా ముఖం మీదే అనేసింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. మూలన గోడకు చేరగిలబడి ఉన్న బావ లేచి వచ్చాడు.

"నాను అన్ని పేజీలూ తిప్పి సూసినాను పెద్దమ్మా. ఒక్కదగ్గర తప్పు పడుద్ది గాని అన్ని దగ్గర్లా పడిపోద్దా ఏటి? తీగ తెగిపోతే ఈడేటి సేస్తాడు?"

ఉన్నది ఒక్కచోటే, అది నా ఫైలే అని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. తీగ తెగితే నేనేం చేయగలనని నాకు నేను చెప్పుకోగలను గాని, అన్ని పేజీలూ చూశానన్న ఆ ఒక్క ఊరటతో బతుకుతున్న మనిషికి, బావా, నువ్వు చూసింది ఒక్క మాటనే అని ఎలా చెప్పను? చెప్పలేదు. ఏటేటా అక్క తద్దినం నాడు, విస్తళ్ళ ముందు ఎవరో ఆ ప్రస్తావన తేవడం, బావ అదే మాట గట్టిగా అనడం, నేను తల వంచుకుని అన్నం కెలకడం. ఎంత అమాయకుడివి బావా అని లోలోపల ఏడ్చేవాణ్ణి.

నిరుడు బావ కూడా పోయాడు. పెద్దకర్మ అయ్యాక మేనకోడలితో ఈ సంగతి మొదటిసారి చెప్పుకుని, మీ నాన్నను చివరిదాకా భ్రమలో ఉంచేశానే అన్నాను. అది కళ్ళు తుడుచుకుని, నాన్నకు ఎప్పుడో తెలుసు మావయ్యా అంది. కాలేజీలో కంప్యూటర్ చదువు చదివినప్పుడు తనే విడమరిచి చెప్పిందట. ఆయన అంతా విని, ఈ మాట మీ మావయ్య దగ్గర ఎత్తకమ్మా, చచ్చిపోతాడు అన్నాడట. ఆ తరువాత ఎన్ని తద్దినాలు గడిచాయో! ఇంకా గట్టిగా అన్నాడే గాని తగ్గించలేదు.

ఇప్పుడు రైలు ఎక్కడుందో ఫోనులో చుక్కలా కదులుతూ కనిపిస్తుంది, తీగలతో పని లేదు, నాలాంటివాడు కూర్చుని ఫైలు మార్చనక్కర్లేదు. కిరండూల్‌లో ఆ గది ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఈ ఏడు అక్క తద్దినానికి అందరూ వచ్చారు, పిల్లలు ఫోనులు చూసుకుంటూ భోంచేశారు, పాత సంగతులు ఎవరికీ గుర్తు లేవు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, నా తరఫున ఎవరూ మాట్లాడనూ లేదు. కలిపిన ముద్ద వదిలేసి విస్తరి ముందు నుంచి లేచిపోయాను.